పాత కారులో ఫ్యూజిబుల్ లింకులు తీసి ఫ్యూజ్ బ్లాక్ పెట్టుకోవడం ఎలా?

పాత కారు బానెట్ ఎత్తి, బ్యాటరీ ప్లస్ దగ్గర మొదలయ్యే వైర్లను వేళ్లతో తడుముకుంటూ వెళ్లండి. ఎక్కడో ఒకచోట జానెడు కూడా ఉండని ముక్క ఒకటి చేతికి తేడాగా తగులుతుంది. లోపలి రాగి పక్క వైర్ల కంటే సన్నం, పైతొడుగు మాత్రం మందం, పట్టుకుంటే రబ్బరులా ఉంటుంది. కొన్నిటి మీద ఫ్యూజిబుల్ లింక్ అని అచ్చు వేసి ఉంటుంది, కొన్నిటికి చిన్న ట్యాగ్ వేలాడుతుంది. కారు వైరింగ్ మొత్తానికి కాపలా కాసేది ఆ ముక్కే. దాన్ని తీసి బోల్ట్ ఫ్యూజుల బ్లాక్, అంటే ఫ్యూజులన్నీ ఒకచోట బిగించే మూత ఉన్న డబ్బా, పెట్టడం ఒక ఆదివారం పని. పానా పట్టుకునే ముందు కాగితం మీద చేయాల్సిన లెక్క ఒకటుంది. ఆ లెక్క తప్పితే మీరు పెట్టబోయే కొత్త బ్లాక్ కంటే పాత లింకే నయం.

అసలు ఆ ముక్క ఏం చేస్తుంది

లింక్ అంటే కావాలని బలహీనంగా పెట్టిన వైర్. తను కాపాడాల్సిన వైర్ కంటే సాధారణంగా నాలుగు గేజ్‌లు సన్నగా ఉంటుంది. కాపాడాల్సిన వైర్ 10 గేజ్ అయితే లింక్ 14 గేజ్ (గేజ్ అంకె పెరిగేకొద్దీ వైర్ సన్నబడుతుంది). చదరపు మిల్లీమీటర్లలో చెప్పాలంటే 5.3కి 2.1, అంటే రాగి సుమారు 40 శాతమే. వైర్ ఎక్కడైనా బాడీకి తగిలి షార్ట్ అయితే ముందు కరిగేది ఇదే. పైతొడుగు మంటకు తట్టుకునే రకం కాబట్టి లోపల రాగి కరిగినా చుట్టుపక్కల వైర్లు అంటుకోవు.

ఇందులో గమనించాల్సినవి రెండున్నాయి. ఒకటి, లింక్ నెమ్మదిగా స్పందిస్తుంది. ఫ్యాన్ మోటార్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు లాగే క్షణకాలపు కరెంట్‌ను అది పట్టించుకోదు. రెండు, అది కాపాడేది నేరుగా షార్ట్ అయినప్పుడే. వైర్ మోయాల్సిన దానికంటే కొంచెం ఎక్కువ కరెంట్ గంటల తరబడి పారుతుంటే లింక్ చూస్తూ ఊరుకుంటుంది, వైర్ మాత్రం లోపల్లోపల కాగిపోతుంటుంది. కొత్త ఫ్యూజ్ మొదటి గుణాన్ని నిలుపుకోవాలి, రెండోదాన్ని సరిచేయాలి.

మార్చాలా, వద్దా

లింక్ బాగుండి, కంపెనీ పెట్టినదే అయి, కారులో అదనంగా ఏమీ తగిలించకపోతే దాని జోలికి వెళ్లకండి. పాత కారును పాత కారులా ఉంచుకోవాలనుకునేవాళ్లకు ఇది మరీ వర్తిస్తుంది. లింక్ ఒకసారి కరిగిపోయినా, ఎవరో దాని స్థానంలో మామూలు వైర్ ముక్క అతికించినా, పెద్ద ఆల్టర్నేటరో ఎలక్ట్రిక్ రేడియేటర్ ఫ్యానో పెట్టాలనుకున్నా అప్పుడు మార్చడంలో అర్థం ఉంది. ఆ మామూలు వైర్ ముక్కే అన్నిటికంటే ప్రమాదం. కారు నడుస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

లింక్ బాగుందో లేదో కంటికి కనపడకపోవచ్చు. తొడుగు ఉబ్బి బుడగలు తేలితే పోయినట్టే, కానీ పైకి నున్నగా ఉండి లోపల తెగినవీ ఉంటాయి. రెండు చివరలూ పట్టుకుని మెల్లగా లాగండి. గట్టిగా నిలబడితే రాగి ఉంది. రబ్బరు బ్యాండులా సాగితే లోపల ఏమీ లేదు.

మొదటి పని: లింకులన్నీ వెతకడం

మీ మోడల్ వైరింగ్ డయాగ్రామ్ ముందు పెట్టుకోండి. లింకులు ఒక్కోటి ఒక్కో చోట ఉంటాయి. పాత జీఎం (జనరల్ మోటార్స్) కార్లలో సెల్ఫ్ మోటార్ సోలినాయిడ్ (మోటార్‌కు కరెంట్ కలిపే అయస్కాంత స్విచ్) దగ్గర, కొన్నిటిలో హారన్ రిలే (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ను ఆన్ ఆఫ్ చేసే స్విచ్) దగ్గర కనిపిస్తాయి. ఫోర్డ్‌లో ఫెండర్ లోపలి గోడకు బిగించిన స్టార్టర్ రిలే దగ్గర. క్రైస్లర్‌లో స్టార్టర్ రిలే నుంచి ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ కారు లోపలికీ మధ్య గోడ) కనెక్టర్‌కు వెళ్లే దారిలో. చాలా టయోటాల్లో బ్యాటరీ ప్లస్ క్లాంప్ పక్కనే గుత్తిగా ఉంటాయి. లూకాస్ కంపెనీ వైరింగ్ ఉన్న పాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి లింకే ఉండదు. గోధుమ రంగు వైర్ బ్యాటరీ నుంచి ఏ ఫ్యూజూ లేకుండా డ్యాష్‌బోర్డ్ దాకా వెళ్లిపోతుంది. అలాంటి కారుకు ఈ పని ఇంకా అవసరం.

ఒక్క లింక్ దొరకగానే సంబరపడి ఆపేయకండి. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు బ్లాక్ చక్కగా బిగించి, అంతా కలిపి, పరీక్ష కోసం మెయిన్ ఫ్యూజ్ విప్పి పక్కన నిలబడ్డ కుర్రాడి చేతికిచ్చి హెడ్‌లైట్ స్విచ్ వేశాను. లైట్లు వెలిగాయి. "అన్నా, ఫ్యూజ్ నా చేతిలోనే ఉంది కదా?" అన్నాడు వాడు. కారు కిందికి దూరి చూస్తే సోలినాయిడ్ వెనక, జిడ్డులో కూరుకుపోయి ఇంకో లింక్ అదే వైర్ గుత్తికి కరెంట్ ఇస్తోంది. నేను కట్టిన ఫ్యూజ్‌కు పక్కదారి అన్నమాట. షార్ట్ అయితే నా కొత్త ఫ్యూజ్ పోయినా ఆ దారిన కరెంట్ పారుతూనే ఉండేది. అందుకే దొరికిన ప్రతి లింక్‌కూ ఒక తెల్ల టేపు ముక్క అంటించి నంబర్ వేయండి. ఏది ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో కాగితం మీద గీయండి, ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి.

రెండో పని: ఫ్యూజ్ అంకె తేల్చుకోవడం

చాలామంది ఇక్కడే తప్పుతారు. ఫ్యూజ్ ఉండేది హెడ్‌లైట్‌నో ఫ్యాన్‌నో కాపాడడానికి కాదు, వాటికి వెళ్లే వైర్‌ను కాపాడడానికి. కాబట్టి అంకె వైర్ నుంచి రావాలి. పాత లింక్ మందం చూసి "ఇది ఇన్ని ఆంపియర్లు ఉంటుందిలే" అనుకోవడం కుదరదు.

కారుల్లో వాడే పలుచని తొడుగు వైర్‌కు నిరంతరం పారే కరెంట్ హద్దులు సుమారుగా ఇలా తీసుకుంటారు: 2 చదరపు మి.మీ. వైర్‌కు 25 ఆంపియర్లు, 3కి 33, 4.5కి 42, 6కి 50, 10కి 70, 16కి 110. ఇంజిన్ వేడిలో, గుత్తిగా కట్టిన చోట ఇంకా తగ్గించుకోవాలి. పాతబడ్డ వైర్‌కూ అంతే.

రెండో వైపు లోడ్. దీన్ని కొలవడానికి డీసీ కరెంట్ కొలిచే క్లాంప్ మీటర్ కావాలి. ఇంటి వైరింగ్‌కు వాడే ఏసీ క్లాంప్ ఇక్కడ పనికిరాదు. లింక్ తర్వాతి వైర్ చుట్టూ క్లాంప్ తొడిగి, ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, అన్నీ ఒక్కొక్కటిగా వేస్తూ చూడండి. మరీ ఎక్కువసేపు అలా వదలకండి, ఇగ్నిషన్‌లో కాంటాక్ట్ పాయింట్లున్న పాత కార్లలో కాయిల్ వేడెక్కుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇగ్నిషన్ స్విచ్‌కు వెళ్లే 5.3 చదరపు మి.మీ. వైర్. హైబీమ్‌లో 60 వాట్ల బల్బులు రెండు, అంటే 10 ఆంపియర్లు. బ్లోయర్ 15, వైపర్లు 5, ఇగ్నిషన్ 5, టెయిల్ లైట్లూ డ్యాష్ బల్బులూ మరో 5. మొత్తం 40. ఫ్యూజ్ మీద నిరంతరం పడే లోడ్ దాని అంకెలో 80 శాతం మించకూడదు, లేకపోతే అది వేడికే అలిసిపోయి కారణం లేకుండా పోతుంది. 40ని 0.8తో భాగిస్తే 50 ఆంపియర్ల ఫ్యూజ్ కావాలి. కానీ మన వైర్ హద్దు 45 దగ్గరే ఆగిపోతోంది. లోడ్ అడిగే ఫ్యూజ్‌కు వైర్ ఒప్పుకోవడం లేదు.

ఇప్పుడు 50 పెట్టేసి సర్దుకుపోదామనిపిస్తుంది. వద్దు. వైర్ భారం తగ్గించండి. హెడ్‌లైట్లకు రిలే పెట్టి, బ్లాక్ నుంచే విడిగా 3 చదరపు మి.మీ. వైర్, 20 ఆంపియర్ల ఫ్యూజ్ ఇవ్వండి. పాత వైర్ మీద మిగిలేది 30 ఆంపియర్లు, దాన్ని 0.8తో భాగిస్తే 37.5. అంటే 40 ఆంపియర్ల ఫ్యూజ్ సరిపోతుంది, వైర్ హద్దుకు లోపలే ఉంటుంది. స్విచ్ కాంటాక్టులు కాలడం తగ్గుతుంది, లైట్లు కూడా ముందుకంటే తెల్లగా వెలుగుతాయి. ఒకే దారిలో పోతున్న కరెంట్‌ను నాలుగు దారుల్లోకి పంచగలగడం వల్లే బ్లాక్ పెట్టడానికి పడ్డ శ్రమ గిట్టుబాటవుతుంది.

ఆల్టర్నేటర్ వైర్‌కు లెక్క కొంచెం వేరు. 60 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌కు 60 ఫ్యూజ్ పెట్టకండి. బ్యాటరీ బాగా దిగిపోయినప్పుడు అది చాలాసేపు పూర్తి సామర్థ్యంతో పనిచేస్తుంది. పైగా ఇంజిన్ నడుస్తుండగా ఆ ఫ్యూజ్ పోతే ఆల్టర్నేటర్ వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిసి డయోడ్లను, రెగ్యులేటర్‌ను తినేయొచ్చు. 16 చదరపు మి.మీ. కొత్త వైర్, 80 ఆంపియర్ల ఫ్యూజ్ వేసుకుంటే టెన్షన్ ఉండదు. సెల్ఫ్ మోటార్‌కు వెళ్లే లావు కేబుల్ మాత్రం ఎప్పటిలా ఫ్యూజ్ లేకుండానే ఉంటుంది, అది వందల ఆంపియర్లు లాగుతుంది.

పాత గాజు ఫ్యూజుల మీది అంకెలు చూసి కొత్తవి కొనేవాళ్లకు ఒక మాట. లూకాస్ 35 ఆంపియర్ల ఫ్యూజ్ అంటే 35 దగ్గర పోయే ఫ్యూజ్, అది నిరంతరం మోసేది అందులో సగమే. దాని స్థానంలో 35 బ్లేడ్ ఫ్యూజ్ పెడితే వైర్‌కు రెట్టింపు స్వేచ్ఛ ఇచ్చినట్టే.

మూడో పని: ఫ్యూజ్ రకం, బ్లాక్ ఎంపిక

కొత్త కార్ల డ్యాష్ కింద కనిపించే చిన్న బ్లేడ్ ఫ్యూజులు లింక్ స్థానానికి పనికిరావు. రెట్టింపు కరెంట్ పడితే బ్లేడ్ ఫ్యూజ్ 5 సెకన్లలోపే పోతుంది. మ్యాక్సీ రకం (పెద్ద సైజు బ్లేడ్ ఫ్యూజ్) అదే పరిస్థితిలో 2 సెకన్ల నుంచి 60 సెకన్ల దాకా ఓర్చుకోగలదు. లింక్‌కు ఉన్న ఓపికే మనకూ కావాలి కాబట్టి మ్యాక్సీ గానీ, బోల్ట్‌తో బిగించే మిడి గానీ తీసుకోండి. మ్యాక్సీలు 20 నుంచి 80 ఆంపియర్ల దాకా దొరుకుతాయి. మిడి ఫ్యూజ్‌కు 30 మి.మీ. దూరంలో రెండు రంధ్రాలుంటాయి, 5 మి.మీ. స్టడ్‌లకు (బ్లాక్ నుంచి నిలబడి ఉండే మరల కడ్డీలకు) సరిపోతాయి. ఇంకా పెద్దవి కావాలంటే 8 మి.మీ. స్టడ్‌లకు ఎక్కే మెగా రకం ఉంది. నా మొగ్గు మిడి వైపు. బోల్ట్ బిగింపు అదురుకు అంత తేలిగ్గా వదులవదు, గుచ్చే కాళ్లు కాలక్రమంలో వదులై వేడెక్కుతాయి.

బ్లాక్‌లో ఒక వైపు అన్ని ఫ్యూజులకూ కలిపి ఒకే రాగి పట్టీ ఉండాలి, మూత ఉండాలి. ఇప్పుడు కావాల్సిన వాటి కంటే ఒకటి రెండు గదులు ఎక్కువున్నది తీసుకోండి, తప్పకుండా పనికొస్తాయి. ఫ్యూజుల విషయంలో మాత్రం పొదుపు వద్దు. పేరున్న తయారీవి కొనండి. నకిలీ ఫ్యూజ్ ఎంత కరెంట్‌కూ పోకుండా తన ప్లాస్టిక్ కరిగేదాకా అలాగే ఉండిపోవచ్చు.

నాలుగో పని: చోటు

బ్యాటరీకి ఎంత దగ్గరైతే అంత మంచిది. బ్యాటరీ ప్లస్ నుంచి బ్లాక్ దాకా వచ్చే కేబుల్‌కు ముందు ఏ రక్షణా ఉండదు కాబట్టి దాన్ని పొట్టిగా, 16 లేదా 25 చదరపు మి.మీ. మందంలో వేసి, పైన ఇంకో స్లీవ్ తొడగండి. పదునైన రేకు అంచు మీదుగా పోతే రబ్బరు గ్రోమెట్ (వైర్ ఒరుసుకోకుండా తొడిగే రింగు) తప్పనిసరి. బ్లాక్‌ను నేరుగా బ్యాటరీ మీద పెట్టకండి, యాసిడ్ ఆవిరికి స్టడ్‌లు పచ్చబారుతాయి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వైపూ వద్దు. వైర్లు కింది నుంచి వచ్చేలా బిగిస్తే వాననీళ్లు వాటి వెంట జారి లోపలికి చేరవు.

ఐదో పని: విప్పడం, లగ్గులు వేయడం

ఉంగరం, చేతి గడియారం తీసి పక్కన పెట్టండి. బ్యాటరీ ఎర్త్ కేబుల్ ముందు విప్పండి. కొన్ని పాత కార్లలో బాడీకి కలిపేది ప్లస్. అప్పుడు ముందు విప్పాల్సింది ప్లస్సే, ఫ్యూజ్ బ్లాక్ పడాల్సింది మైనస్ వైపు. ఏ పోల్ అన్నది కాదు, బాడీకి కలిసింది ముందు విప్పాలి, చివర కలపాలి.

ఇప్పుడు లింక్‌ను దాని అతుకు దాటి, అసలు వైర్ మొదలైన చోట కత్తిరించండి. తొడుగు ఒలిచి రాగిని చూడండి. పాత వైర్‌లో అది తరచూ నల్లగా, మసి పట్టినట్టు ఉంటుంది. దాని మీద లగ్గు (వైర్ చివర నొక్కి బిగించే రింగు ముక్క) వేస్తే అతుకు మొదటిరోజు నుంచే వేడెక్కుతుంది. మరో రెండు మూడు సెంటీమీటర్లు వెనక్కి కత్తిరించి చూడండి. కొత్త పైసాలా మెరిసే రాగి కనిపించేదాకా వెళ్లండి. వైర్ పొట్టి అయిపోతే అదే మందమున్న కొత్త ముక్క నొక్కి బిగించే క్రింప్ జాయింట్‌తో కలపండి. ఎంతకీ నలుపు పోకపోతే ఆ వైర్ మొత్తం మార్చాల్సిందే.

లగ్గు వైర్ మందానికి, స్టడ్ సైజుకు రెండిటికీ సరిపోవాలి. నొక్కడానికి లగ్గుల కోసమే చేసిన క్రింపింగ్ టూల్ వాడండి, కటింగ్ ప్లేయర్‌తో చదును చేయడం క్రింపింగ్ కాదు. నొక్కాక వైర్‌ను ఒక చేత్తో, లగ్గును ఇంకో చేత్తో పట్టి గట్టిగా లాగండి. ఊడేదైతే ఇప్పుడే ఊడాలి. ఆ తర్వాత లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) తొడిగి వేడి చేయండి. చివర్ల నుంచి జిగురు పూసలా బయటికొస్తే నీళ్లు ఇక లోపలికి పోవు. సోల్డర్ మీద నమ్మకమున్న పాత చేతులు ఒప్పుకోకపోవచ్చు గానీ, ఈ లగ్గులకు అది వద్దు. సోల్డర్ వైర్ లోపలికి పాకి గట్టిపడుతుంది, అది ఆగిన చోటే ఇంజిన్ అదురుకు పోగులు తెగుతాయి.

ఆరో పని: బిగింపు

స్టడ్ మీద ఫ్యూజ్ ముఖం, లగ్గు ముఖం ఒకదాన్నొకటి నేరుగా తాకాలి. వాషర్ ఉండాల్సింది అన్నిటికీ పైన, నట్‌కు కిందుగా మాత్రమే. లగ్గుకూ ఫ్యూజ్‌కూ మధ్య స్టీల్ వాషర్ దూరితే కరెంట్ దాని గుండా పోవాల్సి వస్తుంది, వారం తిరిగేలోపు మూత మెత్తబడుతుంది. బిగింపు బలం బ్లాక్‌తో వచ్చిన కాగితంలో ఉన్నంతే. 5 మి.మీ. స్టడ్‌ను చేతి బలంతో తిప్పి విరిచేయడం క్షణం పని. ఫ్యూజులు మాత్రం ఇప్పుడే వేయకండి.

డ్యాష్‌లో అమ్మీటర్ (కరెంట్ ఎంత పారుతోందో చూపే ముల్లు) ఉన్న కార్లలో, ముఖ్యంగా పాత క్రైస్లర్లలో ఒక చిక్కుంది. ఆల్టర్నేటర్ కరెంట్ ఫైర్‌వాల్ కనెక్టర్ దాటి, అమ్మీటర్ గుండా తిరిగి వచ్చి, లింక్ దారిన బ్యాటరీకి చేరుతుంది. మీరు ఆల్టర్నేటర్ నుంచి బ్లాక్‌కు కొత్త వైర్ వేస్తే పాత వైర్‌కు రెండు చివరల నుంచీ కరెంట్ అందుతుంది, అమ్మీటర్ చూపేది తప్పవుతుంది. రెండు వైపులా కరెంట్ వచ్చే వైర్‌కు రెండు వైపులా ఫ్యూజ్ ఉండాలి, లేదా ఒక చివర విప్పేయాలి. మీరు గీసుకున్న కాగితం అక్కరకొచ్చేది ఇక్కడే.

ఏడో పని: బల్బుతో పరీక్ష

బ్యాటరీని నేరుగా కలపకండి. 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టి, ఒకటి బ్యాటరీ మైనస్ పోల్‌కు, ఇంకోటి విప్పి ఉంచిన ఎర్త్ కేబుల్‌కు తగిలించండి. ఎక్కడైనా షార్ట్ ఉన్నా బల్బు రెండు ఆంపియర్ల లోపే పారనిస్తుంది కాబట్టి ఏదీ కాలదు. ముందు ఫ్యూజులేవీ లేకుండా చూడండి. బల్బు వెలిగితే తప్పు బ్లాక్‌లోనో, అక్కడిదాకా వచ్చే కేబుల్‌లోనో, బ్లాక్‌కు రాని పాత దారిలోనో ఉంది. తర్వాత ఫ్యూజులు ఒక్కొక్కటిగా వేస్తూ రండి. తాళం ఆఫ్‌లో, తలుపులు మూసి ఉంటే బల్బు ఆరిపోయి ఉండాలి. గడియారం, రేడియో మెమరీ ఉంటే తెలిసీ తెలియని వెలుగు రావచ్చు. నిండుగా వెలిగిందంటే ఇప్పుడే వేసిన ఫ్యూజ్ దారిలో షార్ట్ ఉంది.

అంతా చీకటిగా ఉంటే బల్బు తీసి ఎర్త్ కలపండి. తర్వాత నా కుర్రాడి పరీక్ష చేయండి: ఒక్కో ఫ్యూజ్ విప్పినప్పుడు దాని కింద ఉండాల్సినవన్నీ ఆరిపోతున్నాయా లేదా. ఆల్టర్నేటర్ ఫ్యూజ్‌ను మాత్రం ఇంజిన్ నడుస్తుండగా ఎప్పుడూ విప్పకండి.

చివరగా ఇంజిన్ స్టార్ట్ చేసి లైట్లు, బ్లోయర్, వైపర్లు అన్నీ వేసి 20 నిమిషాలు వదలండి. మల్టీమీటర్‌ను డీసీ వోల్టులకు పెట్టి ప్రతి అతుకుకు అటూ ఇటూ కొలవండి. మంచి అతుకు దగ్గర పదుల మిల్లీవోల్టుల్లో చూపిస్తుంది. ఒక్క అతుకులో 0.1 వోల్టు దాటితే విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించండి. లగ్గుల తొడుగు మీద వేలు పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే పర్లేదు, వేలు నిలవనంత వేడుంటే ఆ లగ్గు మళ్లీ వేయాలి.

మూత లోపల ఏ ఫ్యూజ్ ఎన్ని ఆంపియర్లదో, దేనికి పోతుందో చెరగని మార్కర్‌తో రాయండి. ఒక్కో అంకెకు ఒక స్పేర్, వాటి నట్లకు సరిపోయే చిన్న పానా కారులో ఉంచుకోండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఎర్త్ విప్పి నట్లన్నీ ఒకసారి చూసుకోండి.

ఎప్పుడైనా ఫ్యూజ్ పోతే అదే అంకెది ఒక్కసారి వేసి చూడండి. అదీ పోతే ఇక ఫ్యూజులు తగలేయకండి, ఆ 21 వాట్ల బల్బునే ఫ్యూజ్ స్థానంలో రెండు స్టడ్‌లకూ తగిలించండి. షార్ట్ ఉన్నంతసేపూ అది నిండుగా వెలుగుతుంది. ఆ దారిలోని కనెక్టర్లు ఒక్కొక్కటి పీకుతూ, వైర్లను అటూ ఇటూ కదుపుతూ రండి. ఏది పీకినప్పుడు బల్బు ఆరిపోతుందో తప్పు ఆ కొమ్మలో ఉంది.